పెద్ద బ్రేకులు వేశాక పెడల్ మెత్తబడితే: మాస్టర్ సిలిండర్ మార్చే ముందు చూడాల్సినవి

ముందు చక్రాలకు నాలుగు పిస్టన్ల క్యాలిపర్లు (ప్యాడ్లను డిస్కుకు నొక్కేవి), పెద్ద డిస్కులు, స్టీల్ హోసులు, ఖరీదైన బ్రేక్ ఆయిల్. ఇంత ఖర్చు పెట్టాక కాలు వేసి చూస్తే పెడల్ పాత బ్రేకుల కంటే మెత్తగా, లోతుగా దిగుతుంది. పక్కనున్నవాళ్లలో ఎవరో ఒకరు వెంటనే తేల్చేస్తారు: "క్యాలిపర్ పెద్దదైంది కదన్నా, మాస్టర్ సిలిండర్ సరిపోవట్లేదు, పెద్దది వేయించు." మాస్టర్ సిలిండర్ అంటే పెడల్ తొక్కినప్పుడు ఆయిల్‌ని క్యాలిపర్లకు నెట్టేది. చాలాసార్లు ఇది తప్పు. తప్పని కాగితం మీద పది నిమిషాల్లో తేల్చుకోవచ్చు.

ముందు లెక్క

పిస్టన్ వ్యాసాన్ని అదే అంకెతో గుణించి, మళ్లీ 0.785తో గుణిస్తే వైశాల్యం వస్తుంది. పాతది 54 మి.మీ. పిస్టన్ ఒక్కటే ఉన్న ఫ్లోటింగ్ క్యాలిపర్ అనుకుందాం. వైశాల్యం 2,290 చదరపు మి.మీ. ఈ రకంలో క్యాలిపర్ పక్కకు జారుతుంది కాబట్టి రెండు ప్యాడ్ల కదలికనూ ఆ ఒక్క పిస్టనే ఇవ్వాలి. ఒక్కో ప్యాడ్ 0.3 మి.మీ. కదలాలంటే పిస్టన్ 0.6 మి.మీ. బయటికి రావాలి. దానికి పట్టే ఆయిల్ 1,374 ఘన మి.మీ.

కొత్తది ఒక్కో పక్కన 44, 38 మి.మీ. పిస్టన్లున్న, జారని ఫిక్స్‌డ్ క్యాలిపర్. నాలుగింటి వైశాల్యం కలిపి 5,309. ఒక్కోటి 0.3 మి.మీ. కదిలితే చాలు, కాబట్టి పట్టే ఆయిల్ 1,593. అంటే ఒక్కో క్యాలిపర్‌కి 219, రెండింటికీ కలిపి 438 ఘన మి.మీ. ఎక్కువ. 7/8 అంగుళం (22.2 మి.మీ.) మాస్టర్ సిలిండర్ వైశాల్యం 388. భాగిస్తే మాస్టర్ పిస్టన్ అదనంగా నడవాల్సింది 1.13 మి.మీ. పెడల్ లివర్ నిష్పత్తి 4 అయితే (అంటే మాస్టర్ పిస్టన్ 1 మి.మీ. నడవడానికి పెడల్ 4 మి.మీ. దిగితే), కాలి దగ్గర 4.5 మి.మీ.

ఇప్పుడు లైన్లో ఒక్క మి.లీ. గాలి మిగిలిపోయిందనుకోండి. 30 బార్ ఒత్తిడికి అది దాదాపు మొత్తం నలిగిపోతుంది. 970 ఘన మి.మీ. చోటు ఖాళీ అవుతుంది. మాస్టర్‌లో 2.5 మి.మీ., పెడల్ దగ్గర 10 మి.మీ. సిరంజి మీద ఒక గీత గాలి, క్యాలిపర్ సైజు తేడాకు రెట్టింపు కంటే ఎక్కువ చేటు చేస్తోంది.

మీ పెడల్ పాతదానికంటే 5 మి.మీ. కిందకు వెళ్తే సైజు కారణం కావచ్చు, దానితో బతకొచ్చు కూడా. 25 మి.మీ. దిగితే సైజు కాదు. అలాంటప్పుడు 1 అంగుళం మాస్టర్ వేయిస్తే పెడల్ ప్రయాణం తగ్గి రోగం కనబడకుండా పోతుంది. అంతే ఒత్తిడికి కాలి బలం 31 శాతం ఎక్కువ పెట్టాలి. గాలి మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది. వెనక చక్రాలకు కూడా పెద్ద క్యాలిపర్లు వేసినవాళ్లు ఈ లెక్క తమ అంకెలతో వేసుకోవాలి, అక్కడ ఫలితం మారొచ్చు.

కాలికి తెలిసేది ఏమిటి

ఇంజిన్ ఆపండి. కాలి బలానికి సాయం చేసే బూస్టర్‌లో వ్యాక్యూమ్ పోయేదాకా ఐదారుసార్లు తొక్కండి. ఇంజిన్ నడుస్తుంటే బూస్టర్ సాయం వల్ల ఏ పెడలైనా మెత్తగానే అనిపిస్తుంది. అలా తొక్కి చూసి తీర్పు చెప్పకూడదు. టేపు పట్టుకుని స్టీరింగ్ చక్రం అడుగు అంచు నుంచి పెడల్ రబ్బరు మధ్యకు మూడు కొలతలు తీయండి: వదిలేసినప్పుడు, మొదటిసారి గట్టిదనం తగిలినప్పుడు, బలమంతా పెట్టినప్పుడు. డ్యాష్‌బోర్డ్ మీద మాస్కింగ్ టేప్ అంటించి రాసుకోండి. ఏ మరమ్మతు చేసినా మళ్లీ అదే మనిషి, అదే కాలితో కొలవాలి. "కొంచెం మెరుగైనట్టుంది" అనేది కొలత కాదు.

మొదట్లో స్పాంజిలా నలిగి, పోనుపోను గట్టిపడితే గాలి. కారణం తేలిక: 10 బార్ ఒత్తిడి వచ్చేసరికే గాలి పదకొండో వంతుకు కుంచించుకుపోతుంది, ఆ తర్వాత నలగడానికి పెద్దగా ఏమీ మిగలదు. పైనుంచి కిందిదాకా ఒకేలా స్ప్రింగులా ఉండి, ఎంత తొక్కితే అంత దిగుతుంటే ఎక్కడో ఏదో వంగుతోంది: ప్యాడ్, బ్రాకెట్, క్యాలిపర్ లేదా ముసలి రబ్బరు హోస్.

మొదటి తొక్కుకు లోతుగా వెళ్లి, వెంటనే రెండోసారి తొక్కితే పైనే గట్టిగా దొరికితే అది ఖాళీ. ప్యాడ్‌కీ డిస్కుకీ మధ్య, లేదా వెనక డ్రమ్ములో. గాలి ఉన్నా వరసగా తొక్కితే పెడల్ పైకొస్తుంది, కానీ పైకొచ్చాక కూడా మెత్తగానే ఉంటుంది. ఖాళీ అయితే పైకొచ్చాక రాయిలా ఉంటుంది. ఈ రెండూ కలగలిపేసుకుని లీటర్ల కొద్దీ ఆయిల్ పారబోసేవాళ్లు చాలామంది.

గట్టిగా తొక్కి పట్టుకుంటే 30 సెకన్లలో మెల్లగా దిగుతుంటే కారు తీసే మాటే వద్దు. ఆయిల్ బయటికి కారుతోంది, లేదా మాస్టర్ లోపలి రబ్బరు సీల్ దాటి వెనక్కి పోతోంది. బయట ఎక్కడా తడి లేకపోతే మాస్టర్.

పెడల్ గట్టిగానే ఉంది, కారు మాత్రం ఆగట్లేదంటే ఆ దారి వేరు. రేస్ ప్యాడ్లు చల్లగా ఉన్నప్పుడు పట్టవు. బలంగా తొక్కాల్సి వచ్చి దాన్నే మెత్తదనం అనుకుంటారు.

గాలి ఉందని తేల్చుకోవడానికి పాతకాలపు పరీక్ష ఒకటుంది, ఇప్పటికీ పనిచేస్తుంది. ఒకరు పెడల్‌ని వేగంగా ఇరవైసార్లు తొక్కి, కింద పట్టుకోవాలి. రెండోవారు మాస్టర్ సిలిండర్ మీదున్న ఆయిల్ డబ్బా మూత తీసి, చుట్టూ గుడ్డ కప్పి, ముఖం దూరంగా పెట్టి చూడాలి. పెడల్‌ని ఒక్కసారిగా వదిలేస్తే, నలిగిన గాలి ఆయిల్‌ని వెనక్కి తన్నుతుంది. ఊటలా చిన్నగా కదిలితే మామూలే. పిచికారీలా పైకెగిరితే గాలి ఉన్నట్టే. పెయింట్ మీద పడితే వెంటనే నీళ్లతో కడగండి, డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ పెయింట్‌ని ఊడదీస్తుంది.

ఏ మూల ఉందో పట్టుకోవడం

రబ్బరు హోసులున్న కారైతే హోస్ క్లాంపులతో నాలుగూ బిగించి, ఒక్కోటి విప్పుతూ పెడల్ చూడాలి. ఏది విప్పితే పెడల్ పడిపోతుందో ఆ చక్రం దగ్గర జబ్బు. స్టీల్ హోసుల మీద క్లాంప్ పెట్టొద్దు. లోపలుండేది టెఫ్లాన్ గొట్టం. ఒకసారి నొక్కుకుపోతే మడత పడి అక్కడే పగులుతుంది, పైనున్న స్టీల్ అల్లిక ఆ పగులును కనబడనివ్వదు.

స్టీల్ హోసులున్నవాళ్లకు దారి బిరడాలు. మాస్టర్ సిలిండర్ దగ్గర పైపులు విప్పి, ఆ రంధ్రాలకు సరైన బిరడాలు బిగించి పెడల్ తొక్కండి. కొద్దిగా కదిలి గోడకు తగిలినట్టు ఆగాలి. ఇక్కడే మెత్తగా ఉంటే మాస్టర్‌లోనే గాలి, లేదా సీల్ పోయింది; క్యాలిపర్లకు దీంతో సంబంధం లేదు. గట్టిగా ఉంటే పైపులు మళ్లీ కట్టి, ఏబీఎస్ బ్లాక్ బయటి రంధ్రాలు మూసి చూడండి. ఆ తర్వాత ఒక్కో చక్రం. పని ఎక్కువే, విప్పిన ప్రతి కీలు దగ్గరా మళ్లీ గాలి తీయాలి, కానీ ఊహకు చోటుండదు.

బిరడాలు, నట్లు కొనేటప్పుడు మర కొలవండి. జపాన్, యూరప్ కార్లలో ఎక్కువగా ఎం10 × 1.0 (వ్యాసం 10 మి.మీ., మరకూ మరకూ మధ్య 1 మి.మీ.) ఉంటుంది. అమెరికన్ కిట్లలో 3/8-24 వస్తుంది. దాని వ్యాసం 9.5 మి.మీ. ఎం10 రంధ్రంలో అది వదులుగా ఎక్కి, బిగిసినట్టే అనిపించి, ఒత్తిడికి ఊడుతుంది. పైపు చివర కూడా చూడాలి. ఉల్లిగడ్డలా ఉబ్బిన చివర వేరు, లోపలికి మడిచిన గరాటు చివర వేరు. ఒకదాని చోట ఇంకొకటి కూర్చోదు.

క్యాలిపర్ దగ్గర జరిగే పొరపాట్లు

అన్నిటికంటే ముందు నిపుల్ (గాలి, ఆయిల్ బయటికి వదిలే స్క్రూ) ఎటు ఉందో చూడండి. గాలి పైకే పోతుంది కాబట్టి నిపుల్ క్యాలిపర్‌లో అన్నిటికంటే ఎత్తులో ఉండాలి. కుడి క్యాలిపర్ ఎడమకు వేస్తే బోల్టులు చక్కగా పడతాయి, ప్యాడ్లు పడతాయి, నిపుల్ మాత్రం కిందికి వస్తుంది. అప్పుడు రోజంతా ఆయిల్ పోసినా పైనున్న గాలి కదలదు. రెండు సైజుల పిస్టన్లున్న క్యాలిపర్‌లో చిన్న పిస్టన్ డిస్కు లోపలికి వచ్చే వైపు, పెద్దది బయటికి పోయే వైపు ఉండాలి. తారుమారైతే ప్యాడ్ ఏటవాలుగా అరుగుతుంది. కొన్నిటి మీద డిస్కు తిరిగే దిశకు బాణం గుర్తు ఉంటుంది, వేసేముందు చూడండి.

బ్రాకెట్‌తో వచ్చిన కిట్ వల్ల నిపుల్ కొంచెం వాలి ఉంటే, క్యాలిపర్ విప్పి, ప్యాడ్ల మధ్య డిస్కు మందం చెక్క పెట్టి, నిపుల్ నిటారుగా పైకి వచ్చేలా పట్టుకుని గాలి తీయండి. ఆ చెక్క లేకుండా తొక్కితే పిస్టన్లు బయటికి ఊడి వస్తాయి.

ఫిక్స్‌డ్ క్యాలిపర్‌కి లోపల ఒకటి, బయట ఒకటి నిపుల్ ఉంటే రెండింటి నుంచీ తీయాలి, రెండు విడతలుగా. చక్రం పెట్టాక లోపలి నిపుల్‌ కంటికి కనబడదు, దాన్ని మర్చిపోయేవాళ్లు చాలామంది. తీసేటప్పుడు రబ్బరు సుత్తితో క్యాలిపర్‌ని మెల్లగా తట్టండి. కొత్త క్యాలిపర్ లోపలి గరుకు గోడలకు చిన్న బుడగలు అంటుకుని ఉంటాయి.

గాలి తీసే పద్ధతుల్లో 1 నుంచి 1.5 బార్ ఒత్తిడితో పైనుంచి నెట్టే ప్రెషర్ బ్లీడర్ మేలు. కిందనుంచి లాగే వ్యాక్యూమ్ పంపు నిపుల్ మరల సందుల్లోంచి బయటి గాలిని కూడా పీలుస్తుంది. గొట్టంలో బుడగలు ఎంతకీ ఆగవు, లోపల ఉన్నాయో లేవో తెలియదు. ఇద్దరు మనుషులతో చేస్తే నిపుల్ తెరవడం, మెల్లగా తొక్కడం, నిపుల్ మూయడం, ఆ తర్వాతే కాలు వదలడం. పాత మాస్టర్ ఉన్న కారులో పెడల్ కింద చెక్కముక్క పెట్టండి. రోజూ వాడని లోతులో సిలిండర్ గోడకు తుప్పు, మడ్డి ఉంటాయి; పెడల్‌ని నేలదాకా తొక్కితే సీల్ వాటి మీదకు వెళ్లి చిరుగుతుంది. బ్రేకులు మార్చిన రోజే "పాపం మాస్టర్ కూడా పోయింది" అనే కథ వెనక చాలాసార్లు ఉండేది ఇదే.

లైన్లన్నీ ఖాళీ చేసిన కారుకు ఒకటిన్నర లీటరు ఆయిల్ దగ్గర పెట్టుకోండి. డబ్బా ఒక్కసారి అడుగంటితే పని మొదటికొస్తుంది. ఏ చక్రం ముందు అనేది కారు సర్వీస్ మాన్యువల్ ప్రకారమే చేయండి, ఏబీఎస్ కార్లలో వరస మారుతుంటుంది. హోస్‌ని క్యాలిపర్‌కి బిగించే బ్యాంజో బోల్టుకు రెండు పక్కలా కొత్త రాగి వాషర్లు. పాతవి తిప్పి వేస్తే నెల తర్వాత చెమ్మ కనబడుతుంది.

పెడల్‌ని కర్రతో నొక్కిపెట్టి రాత్రంతా వదిలేయడం అనే చిట్కా గురించి ఒక మాట. పొద్దునకు మెరుగనిపిస్తుంది. ఒత్తిడికి కొంత గాలి ఆయిల్‌లో కరిగి ఉంటుంది, బయటికి పోయి ఉండదు. పైగా రాత్రంతా బ్రేక్ లైట్లు వెలిగి పొద్దున బ్యాటరీ కూడా దిగిపోతుంది.

ఏబీఎస్ బ్లాక్‌లో దాక్కున్న గాలి

గ్యారేజీలో పెడల్ బాగుంటుంది. ట్రాక్ మీద మొదటిసారి ఏబీఎస్ కొట్టగానే మెత్తబడుతుంది. ఇది చాలా కచ్చితమైన లక్షణం. ఏబీఎస్ బ్లాక్‌లో ఒత్తిడి వదిలే వాల్వులు మామూలుగా మూసే ఉంటాయి; వాటి వెనకనున్న గదుల్లోకి మామూలు బ్లీడింగ్ (గాలి తీయడం) చేరదు. లైన్లు ఎండిపోయి అక్కడికి గాలి చేరితే, ఏబీఎస్ పనిచేసిన క్షణాన ఆ వాల్వులు తెరుచుకుని గాలి లైన్లోకి వచ్చేస్తుంది.

స్కానర్‌తో ఏబీఎస్ బ్లీడింగ్ ప్రోగ్రామ్ నడిపి పంపు, వాల్వులు ఆడిస్తూ గాలి తీయాలి. ఫోక్స్‌వ్యాగన్, స్కోడా కార్లకు వీసీడీఎస్ అనే స్కానర్‌తో అవుతుంది. మిగతావాటికి ఆ కంపెనీకి సరిపడే స్కానర్. స్కానర్ దొరక్కపోతే, పెడల్ నమ్మదగినంత గట్టిగా ఉన్నప్పుడు మాత్రమే, మనుషులు లేని మట్టినేల మీద 30 కి.మీ. వేగంలో ఏడెనిమిదిసార్లు ఏబీఎస్ కొట్టించి, మళ్లీ నాలుగు చక్రాలకూ గాలి తీయండి. అసలు పైపులు విప్పినప్పుడే వెంటనే బిరడాలు పెట్టుకుంటే ఈ తిప్పలు ఉండవు.

గాలి లేదు, అయినా లోతుగా పోతోంది

స్విఫ్ట్, పోలో లాంటి కార్లలో వెనక డ్రమ్ములుంటాయి. ముందు బ్రేకుల మీద ధ్యాసంతా పెట్టి వెనక షూలు సర్దడం మర్చిపోతారు. షూకీ డ్రమ్ముకీ మధ్య ఖాళీ పెరిగితే వీల్ సిలిండర్ పిస్టన్లు చాలా దూరం నడవాలి, పెడల్ అంతా అక్కడే ఖర్చవుతుంది. హ్యాండ్ బ్రేక్ వైరు వదులు చేసి, చక్రం తిప్పితే సన్నగా రాసుకునేంత దగ్గరకు షూలు సర్ది, ఆ తర్వాత వైరు బిగించండి. వైరు ముందే లాగి ఉంటే సర్దుబాటు పళ్లచక్రం తిరగదు. వెనక డిస్కులున్న కారులో హ్యాండ్ బ్రేక్ క్యాలిపర్‌లోనే కలిసి ఉంటే, ప్యాడ్లు మార్చినప్పుడు లోపలికి తిప్పిన పిస్టన్ మళ్లీ తన చోటుకు రావాలి. పెడల్‌ని, హ్యాండ్ బ్రేక్‌ని చాలాసార్లు ఆడించాలి.

గ్యారేజీలో గట్టిగా ఉండి, వంపులు తిరిగి వచ్చాక మొదటి తొక్కు మాత్రం లోతుగా పోతే డిస్కు పిస్టన్లను వెనక్కి కొడుతోంది. ఫిక్స్‌డ్ క్యాలిపర్ జారదు కాబట్టి డిస్కు ఎటు ఊగినా పిస్టన్ వెనక్కి పోవాల్సిందే. పై లెక్క ప్రకారమే, ఒక డిస్కుకు రెండు పక్కలా 0.1 మి.మీ. ఖాళీ పెరిగితే పెడల్ 5.5 మి.మీ. దిగుతుంది, రెండు చక్రాలకైతే 11.

డిస్కును చక్రం నట్లతో, వాషర్లు వేసి, టార్క్ రెంచ్‌తో హబ్‌కి బిగించండి. డయల్ గేజ్ ముల్లును డిస్కు బయటి అంచుకు 10 మి.మీ. లోపల ఆనించి మెల్లగా ఒక చుట్టు తిప్పండి. 0.05 మి.మీ. దాటి ఊగితే డిస్కు విప్పి హబ్ ముఖాన్ని వైరు బ్రష్‌తో తుడవండి. కంటికి ఆనని తుప్పు పెచ్చు ఒకటి డిస్కు కింద ఇరుక్కుంటే బయటి అంచు దగ్గర ఊగు ఇంకా పెరిగి కనబడుతుంది. తుడిచినా తగ్గకపోతే డిస్కును హబ్ మీద ఒక నట్టు రంధ్రం మేర జరిపి పెట్టి మళ్లీ కొలవండి: ఊగు డిస్కుతోపాటు జరిగితే డిస్కు తప్పు, హబ్‌తోనే ఉంటే హబ్ తప్పు. అదీ బాగుంటే వీల్ బేరింగ్ చూడండి. మెత్తని ట్రాక్ టైర్లు వేసిన కారులో రోడ్డు మీద తెలియని బేరింగ్ ఆట అక్కడ బయటపడుతుంది.

స్ప్రింగులా ఉండే పెడల్‌కి ఇంకొకరి చేత గట్టిగా తొక్కించి, మీరు క్యాలిపర్ పక్కన కూర్చుని చూడాలి. క్యాలిపర్ ఒక పక్కకు ఒరిగితే అది డిస్కుకు నడిమధ్యన లేదు, లేదా సమాంతరంగా లేదు. బ్రాకెట్ కింద షిమ్ములు (పలుచని బిళ్లలు) తగినన్ని వేసి సరిచేయాలి. ప్యాడ్ పై అంచు డిస్కు దాటి బయటికి వచ్చినా ఇదే ఫలితం: వచ్చిన భాగం అరగక గట్టులా మిగిలి ప్యాడ్‌ని ఒరగదోస్తుంది. చప్పుడు రాకుండా ప్యాడ్ వెనక రెండు మూడు రబ్బరు షిమ్ములు దొంతరగా పెట్టేవాళ్లున్నారు, అవి తీసేయండి. కొత్త ప్యాడ్లు డిస్కుకు పూర్తిగా ఆనేవరకు కొంత మెత్తదనం మామూలే. 80 కి.మీ. వేగం నుంచి 20కి ఎనిమిది పదిసార్లు, పూర్తిగా ఆగకుండా తగ్గించి, పది నిమిషాలు చల్లారనిస్తే ఆ వంతు పోతుంది. ప్యాడ్ కంపెనీ తన పద్ధతి రాసి ఇస్తే అదే చేయండి.

నాలుగు ల్యాపుల తర్వాత

మొదటి మూడు ల్యాపులు బాగుండి తర్వాత పెడల్ నేలకు దిగితే ఆయిల్ మరిగింది. డాట్ 4 ప్రమాణం ప్రకారం తాజా ఆయిల్ మరగాల్సిన కనీస ఉష్ణోగ్రత 230 డిగ్రీలు; 3.7 శాతం నీరు చేరాక 155. రేస్ ఆయిల్ మోటుల్ ఆర్‌బీఎఫ్ 660కి తాజాగా 325, నీరు చేరాక 204. క్యాస్ట్రాల్ ఎస్ఆర్‌ఎఫ్‌కి 320, 270. విశాఖ, కాకినాడ, చెన్నై లాంటి తీరం ఊళ్లలో మూత తీసిన డబ్బా తేమను తొందరగా పీలుస్తుంది కాబట్టి రెండో అంకే మనకు ముఖ్యం. సగం వాడిన డబ్బాను వచ్చే ట్రాక్ డేకి దాచొద్దు. డాట్ 5 సిలికాన్ ఆయిల్ జోలికి అసలు పోవద్దు, అది ఏబీఎస్ కార్లకు పనికిరాదు, డాట్ 5.1 వేరు. ఒకసారి మరిగిన ఆయిల్ చల్లారాక పెడల్ తిరిగొచ్చినట్టు అనిపించినా నమ్మకుండా, కనీసం క్యాలిపర్ల దగ్గరిది తీసేయాలి.

అన్నీ చూశాక మాస్టర్ సిలిండర్ మీదే అనుమానం నిలిస్తే, మార్చేముందు బూస్టర్ పుష్‌రాడ్‌కీ మాస్టర్ పిస్టన్‌కీ మధ్య ఖాళీ కొలవండి. అర మి.మీ. కంటే బాగా ఎక్కువుంటే ఆ ఒక్క తేడాయే పెడల్ దగ్గర నాలుగు రెట్లు కనబడుతుంది. ఖాళీ అసలు లేకుండా చేస్తే బ్రేకులు పట్టేసి వదలవు. కొత్తది వేస్తే ముందు బెంచి మీద, గొట్టాలు తిరిగి డబ్బాలోకే పెట్టి, బుడగలు ఆగేదాకా గాలి తీసి ఆ తర్వాతే కారుకు ఎక్కించండి. మాస్టర్ ముక్కు పైకి లేచి ఉండే కార్లలో గాలి ఆ కొసన ఇరుక్కుంటుంది. కారు వెనక భాగాన్ని జాకీతో ఎత్తి స్టాండ్ల మీద పెట్టి తీస్తే వస్తుంది.

కారు దించాక ఖాళీ చోట 10 కి.మీ. వేగంలో, చెయ్యి హ్యాండ్ బ్రేక్ మీద ఉంచి మొదటి పరీక్ష. తర్వాత 40, 60. ట్రాక్ మీద మొదటి సెషన్ ఐదు ల్యాపులతో ఆపి, చల్లారాక ప్రతి నిపుల్, ప్రతి బ్యాంజో కింద తెల్ల కాగితం పెట్టి తుడిచి చూడండి. తడి లేకపోతే కొలత టేపు తీసి మళ్లీ కొలిచి, మాస్కింగ్ టేప్ మీద రాసుకున్న మూడు అంకెలతో పోల్చండి. 3 మి.మీ. కంటే తేడా వస్తే రెండో సెషన్ వద్దు, నిపుల్ స్పానర్ తీయండి.